చీర తిరగేసినట్టు

మా మేనత్త చీరను ముందువైపు చూడదు. కొంగు చేతికి అందగానే తిరగేస్తుంది.

వాళ్లుండేది సూరత్‌లో, పర్వత్ పాటియాలో. వరంగల్, కరీంనగర్, నల్లగొండ పల్లెల నుంచి సాంచాల, అంటే మరమగ్గాల, పని వెతుక్కుంటూ ఆ ఊరికి తరలిన పద్మశాలి కుటుంబాల్లో వాళ్లదీ ఒకటి. మామయ్య పాలిస్టర్ నేసే సాంచాల మధ్యే వయసంతా గడిపాడు. అత్తమ్మ మాత్రం పెళ్లికి ముందు మా ఇంట్లో చిటికి కట్టిన మనిషి. మొన్న నేను వెళ్లేసరికి పక్కింటావిడ 'పోచంపల్లి' అని చెప్తే కొన్న చీర తెచ్చి చూపిస్తోంది. రంగులు బాగున్నాయి, గళ్లు కుదురుగా ఉన్నాయి. అత్తమ్మ తిరగేసింది, బొటనవేలితో ఒకసారి రాసింది, "ఇది అచ్చు బిడ్డా, నేత గాదు" అని మడిచి ఇచ్చేసింది.

ఇందులో మాయేమీ లేదు. ఇకత్‌లో, అంటే పోచంపల్లి చిటికి నేతలో, నూలును నేయకముందే కట్లు కట్టి రంగులో ముంచుతారు. రంగు పోగు చుట్టూ పట్టి లోపలికి దిగుతుంది. అందుకే బట్టకు రెండువైపులా బొమ్మ ఒకే ముదురుగా ఉంటుంది. కట్టు కింద రంగు కొద్దిగా పాకుతుంది, మగ్గం మీద పోగులు వెంట్రుకవాసి జరుగుతాయి, కాబట్టి బొమ్మ అంచులు కాస్త చెదిరి ఈకల్లా ఉంటాయి. అచ్చువేసిన బట్టలో రంగు పైనుంచి పడుతుంది. వెనకవైపు పాలిపోయి, ముందువైపు అంచు కత్తితో కోసినట్టు తెగి కనిపిస్తుంది. చేసిన పద్ధతి వస్తువు ఒంట్లో ఉండిపోతుంది. ముఖానికి నకలు దించడం తేలిక. ఒంటికి నకలు దించాలంటే మళ్లీ ఆ పద్ధతిలోనే చేయాలి.

ఆ రాత్రి అత్తమ్మ కొడుకు, మా బావమరిది, తన బల్ల మీది వస్తువులు చూపిస్తుంటే అత్తమ్మ చేతివేళ్లే కళ్లముందు మెదిలాయి.

వాడు ఎంబ్రాయిడరీ మెషీన్ల కంట్రోల్ బోర్డులు బాగుచేస్తాడు. పాత కంప్యూటర్లంటే ప్రాణం. మూలన పడి ఉన్న ఒక కమోడోర్ 64 వాడి చేతికి వచ్చింది. 1982లో అమెరికాలో విడుదలై, ప్రపంచమంతటా కోటికి పైగా అమ్ముడైన ఇంటి కంప్యూటర్ అది. బొమ్మ వచ్చింది గానీ పాట రాలేదు. శబ్దాన్ని పుట్టించే చిప్పు పోయింది. ఆ చిప్పు పేరు సిడ్, నంబరు 6581. దానికోసం ఆన్‌లైన్‌లో వెతికి, విదేశంలో ఉన్న ఒక అమ్మకందారు దగ్గర రెండు తెప్పించాడు. కంప్యూటర్‌కు పెట్టినదానికంటే ఈ రెండు చిప్పులకే ఎక్కువైంది. ఒకటి పెదవి విప్పలేదు. రెండోది పెడితే మెషీనే లేవలేదు.

"ముద్ర సూడు బావా, ఎంత తెల్లగున్నదో" అన్నాడు. నలభై ఏళ్ల చిప్పు మీద అక్షరాలు నిన్న అచ్చేసినట్టున్నాయి. దూదిని అసిటోన్‌లో ముంచి రుద్దాడు. దూదికి తెల్లటి సిరా అంటింది, వెనకే నల్లటి పూత కూడా అంటుకుంది. పూత పోయిన చోట భూతద్దంలో చూస్తే ఒకే దిక్కుగా సాగిన సన్నటి గీతలు. సాన పట్టిన గీతలు. ఎలక్ట్రానిక్ చెత్తలోంచి ఊడదీసిన ఏదో చిప్పును, కాళ్ల లెక్క సరిపోయినదాన్ని తీసుకుని, పైనున్న అసలు పేరును అరగదీసి, నల్లరంగు పూసి, ధర పలికే పేరు అచ్చేశారు. ఈ మోసం వాడొక్కడికే జరిగింది కాదు. 6581 పేరుతో ఇలా మారుముద్ర వేసిన చిప్పులు అమ్మకంలోకి రావడం పాత కంప్యూటర్లవాళ్లందరికీ తెలిసిన బాధే.

సిడ్‌కే ఎందుకింత గిరాకీ అంటే, దాన్ని మళ్లీ చేయడం కష్టం కనుక. దాన్ని రూపొందించిన బాబ్ యానెస్‌కు సంగీతం మీద మక్కువ. ఇంటి కంప్యూటర్‌కు కీచు శబ్దం చాలనుకునే రోజుల్లో మూడు స్వరాలు పలికే సింథసైజర్‌ను ఒక్క చిప్పులో ఇమిడ్చాడు. అందులో సగం డిజిటల్, సగం అనలాగ్. డిజిటల్ భాగం లెక్క లాంటిది, ఎవరు చేసినా జవాబు ఒకటే వస్తుంది. అనలాగ్ భాగం వంట లాంటిది. స్వరాన్ని మెత్తబరిచే ఫిల్టర్ గుణం ఆ చిప్పు తయారైన సిలికాన్ పొరల తీరు మీద ఆధారపడుతుంది, అందుకే రెండు 6581లు కూడా అచ్చం ఒకేలా పలకవు. దాన్ని చేసిన ఎన్‌మాస్ అనే పాత తయారీ పద్ధతి ఫ్యాక్టరీలు ఎప్పుడో మూతపడ్డాయి. తర్వాత వచ్చిన 8580కి 9 వోల్టులు చాలు, 6581కి 12 కావాలి. ఒకదాని చోట మరొకటి ఊరికే పెట్టడానికీ లేదు. కొత్తవి రావు, ఉన్నవి వేడికీ వయసుకూ చస్తున్నాయి, అడిగేవాళ్లు తగ్గలేదు. నకిలీకి ఇంతకన్నా అనువైన నేల ఏముంటుంది?

ధరల సంగతి వస్తే అందరూ చెప్పే కథ ఆపిల్-1ది. 1976లో స్టీవ్ వోజ్నియాక్ గీసిన బోర్డు అది. పెట్టె లేదు, కీబోర్డు లేదు, టీవీ లేదు, ఒట్టి బోర్డు. ధర 666.66 డాలర్లు. తయారైనవి సుమారు 200. తర్వాత ఆపిల్-2 రాగానే పాతవాటిని వెనక్కి తీసుకుని కంపెనీయే చాలావరకు నాశనం చేసింది. 2010లో లండన్‌లో క్రిస్టీస్ వేలంలో ఒకటి 133,250 పౌండ్లకు పోయింది. 2014లో బోనమ్స్ వేలంలో హెన్రీ ఫోర్డ్ మ్యూజియం ఒకదాన్ని 905,000 డాలర్లకు కొంది. తొలి ధరకు 1350 రెట్లకు పైమాటే. మైక్రోసాఫ్ట్ స్థాపకుల్లో ఒకరైన పాల్ ఆలెన్ సేకరణలోంచి వచ్చిన మరొకటి, స్టీవ్ జాబ్స్ గదిలో ఉన్నదని చెప్పేది, 2024లో 945,000 డాలర్లు పలికింది.

ఆ బోర్డుకు ఆ ధర తగినదే అని నా అభిప్రాయం. తయారైనవి తక్కువ, మిగిలినవి మరీ తక్కువ, ఒక్కోదాని చేతులు మారిన చరిత్ర కాగితాలతో సహా ఉంది. చిక్కంతా ఆ వార్త చదివినవాళ్లతోనే వస్తుంది. తమ అటక మీదున్న కమోడోరో, పాత ఐబీఎం కీబోర్డో కూడా నిధే అనుకుంటారు. కోటికి పైగా తయారైన వస్తువుకు 'అరుదైనది' అని చీటీ అంటిస్తారు.

ఇక్కడ గమనించాల్సిన లెక్క ఒకటుంది. ఆన్‌లైన్ అంగడిలో ఒకే కంప్యూటర్‌ను పదిమంది అమ్మకానికి పెట్టారనుకోండి. ఏడుగురు న్యాయమైన ధర చెప్పారు, ముగ్గురు దానికి మూడింతలు చెప్పారు. న్యాయమైనవి వారంలో అమ్ముడై తెర మీంచి మాయమవుతాయి. మూడింతల ధరవి నెలల తరబడి అక్కడే కూర్చుంటాయి. ఆరు నెలల తర్వాత చూసేవాడికి ఆ మూడే కనిపిస్తాయి. 'ఓహో, ఇదీ దీని రేటు' అనుకుని తనదీ ఆ ధరకే పెడతాడు. ఎవరూ కొనని ధర అందరి ధరగా చెలామణి అవుతుంది. అందుకే పాతకాపులు అడుగుతున్న ధర చూడరు, అమ్ముడైపోయిన ధరలే చూస్తారు. కూరగాయల బజారులో పొద్దుగూకే వేళ మిగిలిన వంకాయలను చూసి పొద్దుటి రకం ఎలా ఉందో చెప్పలేం కదా, అదే ఇది.

అయితే ధర పెరగడానికి మరో కారణం ఉంది, అది నిజమైనది. పనిచేసే పాత కంప్యూటర్లు ఏటేటా తగ్గిపోతున్నాయి. వాటిని చంపేది వాడకం ఒక్కటే అనుకుంటే పొరపాటు. అటక మీద కదలకుండా పడుకున్న మెషీన్ కూడా లోపల మారుతూనే ఉంటుంది. గడియారం ఆగకుండా ఉండటానికి బోర్డు మీద అతికించిన నికెల్-కాడ్మియం బ్యాటరీ పగిలి క్షారం కారుతుంది. అది రాగి గీతల మీద పాకి పచ్చటి తుప్పుగా తినేస్తుంది. కెపాసిటర్లలోని ద్రవం ఆరిపోతుంది, లేదా కారుతుంది. ఎప్రామ్ అనే జ్ఞాపకపు చిప్పుల్లో సమాచారమంటే గాజు లాంటి పొర మధ్య బంధించిన విద్యుదావేశమే, అది దశాబ్దాల మీద బొట్టుబొట్టుగా జారిపోతుంది. ప్లాస్టిక్ వెలుతురుకూ గాలికీ పసుపుబారుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ రాసి ఎండలో పెడితే తెల్లబడుతుంది గానీ కొన్నాళ్లకు మళ్లీ పసుపెక్కవచ్చు. తెల్లబరచడం బాగుచేయడమా, వయసును దాచడమా అని సేకరించేవాళ్లు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. నా మటుకు నేను పసుపుతోనే ఉండనివ్వమంటాను.

ఇక నకిలీని పట్టే విద్య. ఇందులో మొదటి పాఠం తేదీ. చాలా చిప్పుల మీద నంబరుతోపాటు నాలుగు అంకెలుంటాయి. 8334 అంటే 1983వ సంవత్సరం 34వ వారం. ఒక బోర్డు మీద ఇరవై ముప్పై చిప్పులుంటే వాటి తేదీలన్నీ ఒక కాలం చుట్టూ ఉండాలి, ఏదీ బోర్డు తయారైన రోజుకంటే తర్వాతది కాకూడదు. 1976 నాటిదని చెప్పే బోర్డులో 7912 కనిపించిందంటే, కనీసం ఆ చిప్పు మారింది. మార్చడం తప్పేమీ కాదు, మార్చిన సంగతి చెప్పకపోవడం తప్పు. వేర్వేరు రోజుల్లో సేకరించామని చెప్పి పదిచోట్ల నుంచి అమ్మే చిప్పులన్నిటి మీదా ఒకటే తేదీ ఉంటే అది మరీ అనుమానం.

రెండో పాఠం ఉపరితలం. చిప్పు నల్లటి ఒంటిని అచ్చులో పోతపోసేటప్పుడు ఒక చివర చిన్న గుంట పడుతుంది, మొదటి కాలు ఎటుందో చెప్పడానికి. సాన పట్టినప్పుడు ఆ గుంట లోతు తగ్గుతుంది, పూత పూసినప్పుడు దాని అడుగు నునుపు పోయి గరుకు తేలుతుంది. ఆపైన ఎక్స్‌రే. లోపల సిలికాన్ ముక్క ఎంత ఉందో, బంగారు తీగలు ఏ కాలికి పోతున్నాయో చిప్పును విప్పకుండానే చూపిస్తుంది. అసలుదాని ఎక్స్‌రే పక్కన పెట్టి పోల్చితే కథ ముగుస్తుంది. బల్ల మీద ఎక్స్‌రే లేని మా బావమరిది లాంటివాళ్లకు అసిటోనూ భూతద్దమూ గతి. వాటితోనూ చాలా తెలుస్తుంది.

మూడోది బోర్డు. 1970లలో బోర్డు మీది రాగి గీతల నమూనాను పెద్ద పారదర్శక పత్రం మీద నల్లటి టేపు చేత్తో అతికించి తయారుచేసేవారు. దాన్ని ఫోటో తీసి కుదించి రాగి మీదికి ఎక్కించేవారు. చేయి కదిలినచోట గీత కదులుతుంది, మలుపు దగ్గర టేపు వంగుతుంది. ఇవాళ కంప్యూటర్‌లో గీసిన బోర్డులో ఆ వణుకు ఉండదు. చిటికి చీర అంచుల్లో ఉండే చెదురు లాంటిదే ఇదీ. తర్వాత సీసం. 2006 జూలై 1 నుంచి ఐరోపా సమాఖ్య ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసాన్ని దాదాపుగా నిషేధించింది. అప్పటినుంచి చాలా ఫ్యాక్టరీల టంకంలో తగరం ఎక్కువ, సీసం లేదు. ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ అనే పరీక్షలో టంకం మీదికి కిరణాలు పంపి, తిరిగివచ్చే కిరణాలను బట్టి అందులో ఏ లోహముందో చెప్పవచ్చు. సీసం లేకపోతే ఆ టంకం 1976ది కాదని గట్టిగా చెప్పొచ్చు. ఉంటే మాత్రం 1976దే అని చెప్పలేం, ఎందుకంటే సీసం కలిసిన టంకం ఇవాళా దొరుకుతుంది. ఈ విద్యలో చాలా పరీక్షలు ఇలాగే ఒంటిచేతివి. కాదని తేల్చగలవు, అవునని తేల్చలేవు. అవుననడానికి చివరకు కావలసింది వస్తువు ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వచ్చిందనే చరిత్ర. లక్షల డాలర్ల బోర్డుతోపాటు పాత రసీదు, ఉత్తరం, మొదటి యజమాని ఫోటో కూడా వేలంలోకి రావడం అందుకే.

అన్నిటికంటే కష్టమైన రకం ఒకటుంది. కొత్తగా చేసిన బోర్డు మీద, నిజంగా 1976లో తయారై వాడకుండా మిగిలిన చిప్పులు కూర్చినది. ప్రతి చిప్పూ అసలే. మొత్తం మాత్రం అసలు కాదు. అసలు వెండి జరీని అచ్చు చీర అంచుకు కుట్టినట్టు.

ఇంత చెప్పాక నకలు చేసేవాళ్లంతా దొంగలని అనిపించవచ్చు. నేను దానికి ఒప్పుకోను. ఆపిల్-1కు విన్స్ బ్రియెల్ 'రెప్లికా 1' చేశాడు, మైక్ విలెగల్ 'మిమియో' చేశాడు. రెండూ తమ పేరు తామే చెప్పుకుంటాయి. ఆస్కార్ వెర్మ్యూలెన్ చేసిన పీడీపీ-8 నకలు ముందువైపు 1968 నాటి పీడీపీ-8/ఐ యంత్రంలాగే మీటలూ దీపాలూ ఉంటాయి, వెనక అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్ ఉంటుంది. తిరగేస్తే దాచిందేమీ లేదు. ఒక విద్యార్థి ఆ మీటలు పైకీ కిందికీ వేస్తూ ఒక్కొక్క బిట్టూ చేత్తో ఎక్కిస్తే, కంప్యూటర్ అంటే ఏమిటో పుస్తకం చదివితే తెలియని తీరులో తెలుస్తుంది. అసలుదాన్ని మ్యూజియం అద్దాల వెనకనుంచి చూడటమే గానీ ముట్టుకోనివ్వరు. నేర్చుకోవడానికి నకలే మంచిది.

సూరత్‌లో ఈ నకలు మాట అన్నం పెట్టే మాట. ఎంబ్రాయిడరీ మెషీన్లలో డిజైన్లు ఒకప్పుడు ఫ్లాపీల మీద ఎక్కించేవారు. మెషీన్ల సూదులు ఇంకా బాగానే కుడుతున్నాయి, ఫ్లాపీలు మాత్రం దొరకవు. సోనీ కంపెనీ జపాన్‌లో వాటి అమ్మకాన్ని 2011 మార్చిలో ఆపేసింది. మా బావమరిది ఫ్లాపీ డ్రైవు తీసేసి ఆ చోట ఎమ్యులేటర్ బిగిస్తాడు. మెషీన్ నుంచి వచ్చే 34 తీగల కేబుల్ దానికే తగిలిస్తారు. మెషీన్ 'ఫలానా ట్రాక్ చదువు' అంటుంది. పాత డ్రైవులో అయితే తిరిగే పళ్లెం మీది అయస్కాంత గుర్తులు తల కింద నుంచి పోతుంటే విద్యుత్ తాళం పుట్టేది. ఎమ్యులేటర్ పెన్‌డ్రైవులోని ఫైలు చూసి సరిగ్గా అదే తాళం వాయిస్తుంది. మెషీన్‌కు తేడా తెలియదు. ఆ రోజు చీరల మీద పూలు ఆగకుండా పడతాయి. ఆ తీసేసిన పాత డ్రైవులను వాడు పారేయడు, ఒక డబ్బాలో దాస్తాడు. పాత కంప్యూటర్లవాళ్లకు అవి కావాలి.

మన దగ్గర ఇలా దాచనివాటి గురించే నా దిగులు. 1969లో ముంబై ట్రాంబేలో టీడీసీ-12 అనే 12 బిట్ల కంప్యూటర్ రూపుదిద్దుకుంది. దాన్ని తయారుచేసి అమ్మింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు 1967లో నిలబెట్టిన సంస్థ అది. ఆయన పేరుతో ఉన్న ఏఎస్ రావు నగర్ అంటే హైదరాబాద్‌లో ఆటోవాళ్లందరికీ తెలుసు, ఆయన చేయించిన కంప్యూటర్లు ఎలా ఉండేవో ఎంతమందికి తెలుసు? టీడీసీ-312, టీడీసీ-316 తర్వాత వచ్చాయి. 1984లో మొదలైన క్లాస్ పథకంలో దేశమంతటా బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు వెళ్లాయి. పాతవైనవాటిని తూకానికి అమ్మడం మన అలవాటు. వేలంలో లక్షలు పలికే ధరను నేను తిట్టుకోలేకపోవడానికి కారణం ఇదే: ధర ఉన్న వస్తువును తూకానికి వేయరు. టీడీసీ-12 ముఖఫలకానికి ఆ పీడీపీ నకలు లాంటిది ఎవరైనా చేస్తే కొనేవాళ్లలో నేను ముందుంటాను.

పడుకోబోయే ముందు బావమరిది అటక మీంచి ఒక మూట దింపాడు. తాళ్లతో ఒకదానికొకటి కుట్టిన పొడవాటి అట్టలు, వాటి నిండా చిల్లులు. మామయ్య కొన్నాళ్లు నడిపిన జకార్డు సాంచా తాలూకు అట్టలు. ఒక్కో అట్టకు ఒక్కో పేక పోగు. చిల్లున్న చోట సూది లోపలికి దూరుతుంది, దాని కొక్కెం నిలబడి పడుగు పోగును లేపుతుంది. చిల్లు లేనిచోట సూదిని అట్ట వెనక్కి నెడుతుంది, పోగు కిందే ఉండిపోతుంది. ఉన్నది, లేనిది, అంతే. లియాన్‌లో జోసెఫ్ మారీ జకార్డ్ 1804లో రూపమిచ్చిన ఈ ఏర్పాటుతో 1839లో ఆయన చిత్రాన్నే పట్టులో నేశారు, సుమారు 24 వేల అట్టలతో. కంప్యూటర్‌ను ముందే ఊహించిన చార్లెస్ బాబేజ్ ఆ పట్టుచిత్రం ఒకటి సంపాదించి ఇంటికొచ్చినవాళ్లకు చూపించేవాడు. అమెరికా 1890 జనాభా లెక్కలకు హోలరిత్ వాడినదీ చిల్లుల అట్టలే. సూరత్‌లో ఎలక్ట్రానిక్ జకార్డులు వచ్చాక ఈ అట్టలు చిత్తుకాగితాల ధరకు పోయాయి.

"పాత సామాన్లోడు కిలోల లెక్కన అడిగిండు, నాయిన ఇయ్యలె" అన్నాడు వాడు.

మామయ్య మంచం మీంచే చెయ్యి చాపి ఒక అట్ట తీసుకుని దీపానికి ఎదురుగా పట్టాడు. చిల్లుల్లోంచి వెలుతురు చుక్కలు గోడ మీద పడ్డాయి. "ఇది మామిడిపిందె అంచు" అన్నాడు. అట్ట చూసి చీర చెప్పాడు.

పొద్దున్నే నేను బయల్దేరేసరికి కమోడోర్ పాట పాడుతోంది. మోసపోయి కొన్న చిప్పుల చోట కొత్త రకం నకలు పెట్టాడు, సిడ్ చేసే పనంతా చిన్న ప్రాసెసర్‌తో చేసేది. ఫిల్టర్ దగ్గర పాత మెత్తదనం పూర్తిగా రాలేదని వాడే ఒప్పుకున్నాడు. మూత బిగించే ముందు లోపలివైపు తెల్లకాగితం అతికించి తెలుగులో రాశాడు: శబ్దం చిప్పు అసలుది కాదు, ఫలానా తేదీన మార్చాను, మిగతావి పాతవే. కింద తన పేరు.

అత్తమ్మ టీ గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టింది. మూత అందుకుని తిరగేసి, ఆ కాగితం మొత్తం చదివి, మళ్లీ వాడి చేతికిచ్చింది.